మిరపకల్లంలో కాశీమజిలీ

ఫాల్గుణం వచ్చేసరికి మా నెమలి ఊరి చుట్టూ కల్లాలన్నీ ఎర్రబడతాయి. కోసిన మిరపకాయల్ని పలచగా ఆరబోసి, ఎండాక తాలుకాయలు ఏరడానికి ఆడవాళ్ళు తాటాకు పందిరి కింద వరసగా కూర్చుంటారు. గాలివాటం చూసి, ఘాటు తగలని వైపు గోనెపట్టా మడిచి నన్ను కూర్చోబెట్టేది మా నాయనమ్మ. నా పని ఏరడం కాదు, చదవడం. అప్పుడు నేను ఐదో తరగతి. చేతిలో అట్ట ఊడిపోయిన కాశీమజిలీ కథల పుస్తకం. పేజీ తిప్పినప్పుడల్లా వేళ్ళకంటిన కారం కాగితం అంచుకి అంటేది. ఆ పుస్తకం ఇప్పటికీ నా దగ్గరుంది. మడతల్లో ఆ ఎరుపు ఇంకా పోలేదు.

మాది గంపలగూడెం మండలం. ఊరిపేరు చెప్పగానే ఎవరైనా వేణుగోపాలస్వామి గుడి తలుచుకుంటారు. పొలిమేరలు దాటి కాస్త పోతే ఖమ్మం జిల్లా, రైలెక్కాలంటే మధిర. అందుకే పుస్తకం మీద మధిర సుబ్బన్న దీక్షితులు అన్న పేరు చూడగానే ఆయన మధిరాయనే అనుకున్నాం. "మన పక్కూరాయనేనే, ఎంత బాగా రాశాడో చూడు" అని నాయనమ్మ కూలికొచ్చిన వాళ్ళందరికీ చెప్పేది. మధిర ఆయన ఇంటిపేరనీ, ఆయన రాజమండ్రిలో బతికిన మనిషనీ, 1868లో పుట్టి 1928లో పోయారనీ చాలా ఏళ్ళకి తెలిసింది. తెలిశాక కూడా ఆ చుట్టరికం వదులుకోబుద్ధి కాలేదు.

పన్నెండు భాగాల కథ అది. కాశీకి నడిచి వెళ్ళాలనుకున్న మణిసిద్ధుడనే ఆయనకి తోడు దొరకదు. చివరికి ఓ పసులకాపరి కుర్రాడు సరేనంటాడు, కానీ ఒక షరతు మీద. దారిలో తను చూసిన వింత గురించి అడిగితే, ఆ మజిలీలో దాని కథ చెప్పాలి. చెప్పకపోతే వెనక్కి తిరిగి పోతాడు. అంత చదువుకున్న గురువు, ఒక పశువుల కుర్రాడు కథ అడిగితే కాదనలేని స్థితిలో పడ్డాడు. వినేవాడి చేతిలో ఇంత బలం పెట్టిన రచయితంటే నాకు ఈనాటికీ గౌరవం. మా పందిరి కింద వాళ్ళకీ ఆ ఒప్పందం బాగా నచ్చింది. నేను గొంతెండి ఆగితే "చదవ్వే, లేకపోతే మేమూ లేచిపోతాం" అనేవాళ్ళు.

ఇక కథలంటారా, పటంలో బొమ్మ చూసి ప్రేమించిన రాకుమారులు, మొగవేషం వేసుకుని వాళ్ళని వెతుక్కుంటూ బయల్దేరిన రాకుమార్తెలు, శాపాలు, యక్షులు, మాయలు. ఒక కథ కడుపులో ఇంకో కథ. భాష గ్రాంథికం. నేను బడిలో పాఠంలాగా గడగడా చదివేస్తే, నాయనమ్మ దాన్ని మా ఊరి మాటల్లోకి తిప్పి చెప్పేది. ఆవిడకి అక్షరం రాదు. అయినా సంధులూ సమాసాలూ దాటి ఎవరు ఎవర్ని ప్రేమించారో, ఎక్కడ విడిపోయారో ఒక్కసారి వింటే పట్టేసేది. చందమామలో దాసరి సుబ్రహ్మణ్యం గారి సీరియళ్ళు కూడా నేను ఇష్టంగా చదివాను. మాంత్రికులూ పాతాళాలూ వాటినిండా ఉండేవి గానీ ప్రేమ తక్కువ. కల్లంలో ఆడవాళ్ళకి రెండూ కలిసి కావాలి. 1951లో "పాతాళ భైరవి" సినిమా అంత ఆడిందంటే కారణం అదేనని నాకనిపిస్తుంది. అందులో తోటరాముడు పాతాళానికి దిగింది రాకుమారి కోసం.

పొద్దు వాలితే చదువు ఆపాలి. ఆగేది ఎప్పుడూ జంట విడిపోయిన చోటే. రాత్రంతా ఆ ముక్క వాళ్ళ మనసులో నానేది. మర్నాడు గంపలు దించకముందే వాదన మొదలు. ఆ పిల్ల ఇంట్లో కూర్చుని ఏడవకుండా తనే బయల్దేరిందని ఒకామె మెచ్చుకునేది. రాకుమారుడు ఆమె చెప్పేది చివరిదాకా విని అప్పుడు బదులు చెప్తే, "విన్నావా, మాట విన్నాడు" అని పక్కావిడని మోచేత్తో పొడిచేది ఇంకో ఆవిడ. ఇలాంటివి చదివి ఆడపిల్లలు చెడిపోతారని అప్పుడూ అన్నారు, ఇప్పుడూ అంటున్నారు. నేనొప్పుకోను. యక్షుడు వచ్చి ఎత్తుకుపోతాడని ఆ పందిరి కింద ఎవరూ ఎదురుచూడలేదు. తమ మాట కూడా ఎవరో ఒకరు అలా చివరిదాకా వినాలని మాత్రం వాళ్ళు కోరుకున్నారు.

ముక్కలు ముక్కలుగా చెప్పడం ప్రేమకథకి పుట్టుకతో వచ్చిన గుణమని నా నమ్మకం. ప్రేమలో సగం ఎదురుచూపే గదా. పదహారో శతాబ్దంలో పింగళి సూరన కళాపూర్ణోదయంలో చేసిందీ అదే. కథని ద్వారకలో మొదలుపెట్టి, ముడి మీద ముడి వేసి, పాఠకుణ్ణి చాలాదూరం నడిపించాక గానీ విప్పడు. మా పిన్నులు వారపత్రికల్లో సీరియల్ పేజీలు చింపి, వరసగా పేర్చి, దబ్బనంతో కుట్టుకునేవాళ్ళు. వారం వారం పడ్డ ఆ ఎదురుచూపునే వాళ్ళు దాచుకున్నారనిపిస్తుంది.

విజయవాడ హాస్టల్లో ఉండే మా మేనకోడలు ఇప్పుడు ఫోనులో ప్రతిలిపి యాప్ సీరియళ్ళు చదువుతుంది. ఇంగ్లీషులో రెబెకా యారోస్ రాసే డ్రాగన్ల ప్రేమకథలంటే ప్రాణం. ఆ వరసలో మొదటి రెండు పుస్తకాలు 2023లోనే వచ్చాయి. మూడోది 2025 జనవరి దాకా రాలేదు. ఆ పధ్నాలుగు నెలలూ పిల్ల ఫోన్ చేసినప్పుడల్లా కథానాయకుడి గురించి, "అత్తా, వాడు మళ్ళీ మంచివాడవుతాడంటావా?" అని అడిగేది. గొంతులో నిజమైన దిగులు. అచ్చం మా కల్లంలో మర్నాటి పొద్దున వినపడే గొంతే. దాని వయసుకి ఇవేం పుస్తకాలని వాళ్ళ నాన్న విసుక్కుంటే, ఆ కల్లం సంగతి చెప్పి నోరు మూయించాను.

మా ఇంటి పెట్టెలో కాశీమజిలీ ఏడో భాగం లేదు. ఎవరు పట్టుకెళ్ళారో తెలియదు. ఆరో భాగంతో ఆగినప్పుడు నాయనమ్మ, "దొరికినప్పుడు చదువుదువులే" అంది. దొరకకుండానే ఆవిడ పోయింది. కాశీమజిలీ కథలు ఇప్పుడు తెలుగు వికీసోర్సులో ఉన్నాయి, పైసా ఖర్చు లేదు. పోయిన సంక్రాంతికి మేనకోడలు ఊరికొస్తే మొదటి మజిలీ నేనే పైకి చదివి వినిపించాను. రెండోది అదే చదివింది, సంధుల దగ్గర తడబడుతూ. మూడోదానికి మా అమ్మ కూడా వచ్చి కూర్చుంది.

మీ ఇళ్ళల్లో, అటకల మీద, ఇలాంటి భాగాలు అట్టల్లేకుండా పడి ఉంటే పాతపేపర్లవాడికి వేయకండి. ఇంట్లో ఎవరినైనా పక్కన కూర్చోబెట్టుకుని పైకి చదవండి.