ఎటునుంచి వస్తోందో

1989 అక్టోబర్ 5న వచ్చిన ‘శివ’ను 2025 నవంబర్ 14న 4కె, డాల్బీ అట్మాస్‌లో మళ్లీ విడుదల చేశారు. పాత మోనోలో శబ్దమంతా తెర వెనక ఒక్కచోటి నుంచే వచ్చేది. ఇప్పుడు ఇళయరాజా గారి నేపథ్య సంగీతం హాలంతా తిరుగుతుంది.

గచ్చిబౌలి మల్టీప్లెక్సులో మా అబ్బాయి, “వెనకనుంచి విన్నావా అమ్మా!” అని ఒకటే సంబరం.

మావారికి ఎడమ చెవి వినబడక ఆరేళ్లయింది. ఒక్క చెవితో శబ్దం ఎటునుంచి వస్తోందో సరిగ్గా పోల్చుకోలేరు. అందుకే రోడ్డు మీద నేనెప్పుడూ ఆయనకు ఎడమవైపే నడుస్తాను.

“ఎలా ఉంది నాన్నా?” అంటే, “అప్పట్లాగే ఉందిరా” అన్నారు. వాడు ఉసూరుమన్నాడు.

అబద్ధమేమీ కాదు. ఆయనకిప్పుడు లోకమంతా మోనోయే. అయినా సైకిల్ చైన్ తెంపినప్పుడు మా వరుసలో మొదటి ఈల ఆయనదే!