పదికి చిల్లుంది

ప్రోగ్రామింగులో శేషం తీయడం కంటే తేలికైన పని ఇంకోటి లేదనుకునేవాణ్ణి. పర్సెంటు గుర్తు పెడితే చాలు, సమాధానం వచ్చేస్తుంది. అలా వచ్చేయడమే ఒకసారి కొంప ముంచింది.

మాది ఖమ్మం. భద్రాచలం దాటి చర్ల వైపు వెళ్తే ఎండాకాలంలో ఊళ్ళకి ఊళ్ళే తునికాకు పనిలో ఉంటాయి. తెల్లారకముందే అడవికి పోయి ఆకు కోసుకొచ్చి, 50 ఆకులకో కట్ట కట్టి, కల్లంలో అప్పజెప్తారు. ఎన్ని కట్టలైతే అంత కూలి. ఊళ్ళో సగం మందికి ఇంటిపేరు ఒకటే, పేర్లూ అవే. అందుకని కార్డు నంబర్లు ఇచ్చే ఒక చిన్న ప్రోగ్రాము రాసిపెట్టమని కొన్నేళ్ళ కిందట తెలిసినవాళ్ళు అడిగారు. కల్లంలో సిగ్నలుండదు. నంబరు చేత్తో రాసుకుని, తర్వాత కంప్యూటర్లో ఎక్కిస్తారు.

దాందేముంది అనుకున్నా. ఊరికి రెండంకెలు, కుటుంబానికి రెండంకెలు. కుడి నుంచి వరసగా 2, 3, 4, 5తో గుణించి, కూడి, పదితో భాగిస్తే వచ్చే శేషాన్ని చివర తగిలించా. ఎక్కడైనా అంకె తప్పు పడితే కంప్యూటరు పట్టేస్తుందని గొప్పగా చెప్పా కూడా.

కూలి డబ్బులు పడ్డాక ఒక పెద్దావిడ అడిగింది: "సారూ, నా మూడు రోజుల కట్టలు ఎటు పోయినయ్?"

ఆవిడ కార్డు 12314. రాసినాయన 2 చూస్తే 7లా ఉంది. 17314గా ఎక్కింది. లెక్క చూడండి: 1231కి మొత్తం 24, 1731కి 44. రెండిటికీ శేషం 4! రెండుకీ ఏడుకీ తేడా 5, దాన్ని 4తో గుణిస్తే 20. పదికి అది సున్నాయే.

అసలు సిగ్గనిపించింది ఇంకోటుంది. 17వ ఊరి కుటుంబం "ఇవి మా కట్టలు కావు" అని ముందే చెప్పారట. కంప్యూటరు ఒప్పుకుంది కదా అని ఎవరూ వినలేదు.

తప్పు పదిలో ఉంది. పది లోకంలో 2నీ 5నీ గుణిస్తే సున్నా. రెండూ సున్నాలు కాకపోయినా! 11 ప్రధాన సంఖ్య కాబట్టి అక్కడ ఈ చిల్లు లేదు. సున్నా తప్ప ప్రతి సంఖ్యతోనూ భాగించొచ్చు. అదే ఫైనైట్ ఫీల్డు. పాత 10 అంకెల ఐఎస్‌బీఎన్ 11నే వాడింది, శేషం 10 వస్తే ఎక్స్ అని వేసేవాళ్ళు. 2007లో వచ్చిన 13 అంకెల ఐఎస్‌బీఎన్ మళ్ళీ పదికి వెళ్ళింది. అందులో పక్కపక్కనున్న 2, 7 తారుమారైతే ఇప్పటికీ తెలీదు. మన ఆధార్ పది అంకెలే వాడుతుంది గానీ, మామూలు శేషం కాదు, వెర్‌హాఫ్ పద్ధతి.

నేను 11కి మార్చా. శేషం 10 వచ్చే నంబర్లు ఎవరికీ ఇవ్వలేదు. ఇప్పుడు 1231కి శేషం 2, 1731కి 0. పాత కార్డులన్నీ మళ్ళీ అచ్చేయించాం, ఆవిడ డబ్బులు ఆవిడకి చేరాయి.

అప్పట్నుంచీ ఇలాంటి చోట ఉత్త పర్సెంటు గుర్తుని నమ్మను. పైథాన్‌లో గాల్వా అని ఒక లైబ్రరీ ఉంది. 11తో ఫీల్డు అడిగితే ఇస్తుంది. 256తో అడిగినా ఇస్తుంది, అది రెండుకి ఎనిమిదో ఘాతం కాబట్టి. క్యూఆర్ కోడు కొంచెం చిరిగినా స్కాన్ అయ్యేది 256 ఫీల్డు చలవే. పదితో అడిగితే మాత్రం మొహమ్మీదే ఎర్రరు కొడుతుంది. 2019లో వచ్చిన పైథాన్ 3.8 నుంచి పౌ ఫంక్షను కూడా అంతే: 11లో 2కి విలోమం అడిగితే 6 అంటుంది, పదిలో అడిగితే లేదు పొమ్మంటుంది.

మనం ఎర్రరు రాకపోతే చాలనుకునే జాతి. ఆ రోజు నా ప్రోగ్రాము ఒక్క ఎర్రరు ఇచ్చుంటే, ఆ పెద్దావిడ తన కట్టల కోసం నన్నడగాల్సిన పని ఉండేది కాదు.