సాగర్ రోడ్డు తెలిసిన పుస్తకాలు

గుడిమల్కాపూర్ పూలమార్కెట్ దాటి బాలాజీనగర్‌లోకి మళ్లితే హైదరాబాద్ బుక్ ట్రస్ట్. హయత్‌నగర్ నుంచి వచ్చేవాళ్లకు నగరాన్ని ఈ కొస నుంచి ఆ కొసకు దాటడమే. 1980లో సి.కె. నారాయణరెడ్డి, గీతా రామస్వామి వంటివాళ్లు మొదలుపెట్టిన ఈ సంస్థ పుస్తకాలన్నీ ఒక్కచోట చూడాలని చాన్నాళ్ల కోరిక.

ముందు ‘ఏడు తరాలు’ చేతికి తగిలింది. అలెక్స్ హేలీ ‘రూట్స్’ను సహవాసి కుదించి తెలుగు చేశారు. ఆ పక్కనే ‘వైద్యుడు లేని చోట’. మెక్సికో కొండపల్లెల వాళ్లకోసం డేవిడ్ వెర్నర్ రాసిన పుస్తకం మన పల్లెల్లో జ్వరానికీ విరేచనాలకూ దారి చూపించింది. మామూలు మనిషి కొనుక్కోగల ధరకే ఇవ్వాలన్నది మొదటినుంచీ వీళ్ల పట్టుదల.

“ఎక్కడ్నుంచి వచ్చారండీ?” అని అడిగారు అక్కడ పనిచేసే ఆవిడ.

“హయత్‌నగర్ అమ్మా.”

“అయితే ఇబ్రహీంపట్నం మీకు దగ్గరే!”

దగ్గరే. ఎల్బీనగర్‌లో సాగర్ రోడ్డు పట్టుకుంటే తుర్కయంజాల్, బొంగుళూరు, ఆ పైన ఇబ్రహీంపట్నం. 1980ల నడుమ గీత పుస్తకాల పని పక్కనపెట్టి ఆ ఊళ్ల దళిత కూలీల మధ్యకు వెళ్లారు. వెట్టి మాన్పించడం, కనీస కూలి, ఆ తర్వాత భూమి. ఇబ్రహీంపట్నం తాలూకా వ్యవసాయ కూలీ సంఘం దొరల మీదే కాదు, రెవెన్యూ కాగితాల మీద కూడా పోరాడింది. వేల ఎకరాలు పేదల చేతికొచ్చాయి. 1990ల మొదట్లో ఆమె మళ్లీ పుస్తకాల్లోకి వచ్చారు. ఆ కథంతా 2022లో ‘ల్యాండ్, గన్స్, కాస్ట్, ఉమన్’ పేరుతో ఇంగ్లీషులో రాశారు.

నేను ఎక్కువసేపు నిలబడిపోయింది గోగు శ్యామల పుస్తకాల దగ్గర. దళిత స్త్రీల సాహిత్యాన్ని ఏరి కూర్చిన ‘నల్లపొద్దు’ 2003లో వచ్చింది. టి.ఎన్. సదాలక్ష్మి బతుకుకథ ‘నేనే బలాన్ని’ 2011లో. ఆ శ్రమ శ్యామలది, ఘనతా ఆమెదే. అయితే అలాంటి రాతను గుర్తుపట్టి అచ్చువేసే చూపు ఒక ప్రచురణకర్తకు ఊరికే రాదు. కూలీల వాడల్లో గడిపిన ఏళ్లు ఈ అరల్లో కనబడుతున్నాయని నా నమ్మకం.

ఔటర్ రింగ్ రోడ్డు పడ్డాక సాగర్ రోడ్డు పొడుగునా వెంచర్ల బోర్డులే. సంఘం సాధించిన భూముల్లో ఏది ఎవరి చేతిలో నిలిచిందో ఎవరైనా ఊరూరా తిరిగి, ఆ కుటుంబాల నోటనే విని రాయాలి. ఆ పుస్తకం ఇక్కడినుంచే రావాలి.