ద్రాక్ష లేని వైన్స్

మదనపల్లె, పుంగనూరు, కుప్పం - మా వైపు ఏ ఊళ్ళో బస్సు దిగినా 'వైన్స్' అన్న మాట కనిపిస్తుంది. లోపల అమ్మేది మాత్రం ఎక్కువగా బ్రాందీ, విస్కీలే. ద్రాక్ష పండేది సరిహద్దు దాటాక, నంది కొండల చుట్టుపక్కల, చిక్కబళ్ళాపురం వైపు. అక్కడా చాలా ఇళ్ళల్లో తెలుగే. మందమైన తోలు, లోపల గింజలు ఉండే నల్లటి 'బెంగళూరు బ్లూ' ఆ నేలది. ఏడాదికి రెండు కాపులు. రసానికీ వైనుకీ పనికొస్తుంది. 2013లో దానికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది.

మా అవ్వ పుంగనూరు నుంచి ఆ తోటలకు కూలికి పోయేది. పందిరి కింద పొద్దంతా తల పైకెత్తి కత్తెరతో గుత్తులు కోయడం. మెడనొప్పి ఆమెను చివరిదాకా వదల్లేదు.

సారా వ్యతిరేక ఉద్యమం మీద పరిశోధన చేస్తున్న రోజుల్లో అడిగాను, "వైను ఎప్పుడన్నా రుచి చూసినావా అవ్వా?" అని.

"వారం కూలి చేతికొస్తే మీ తాత సారాయంగట్లో పెట్టేసి వచ్చేవాడు. ఇంక నాకు రుచులేంది పాపా," అంది.

1992 నాటి దూబగుంట ఆడవాళ్ళకూ, 1993 అక్టోబరు సారా నిషేధానికీ నా థీసిస్‌లో ఒక అధ్యాయం ఇచ్చాను. అవ్వ మాట అందులో లేదు. ఆధారం చూపించలేనని నేనే కొట్టేశాను.