చప్పుడు లేని రథం

2024 వేసవిలో మా అబ్బాయిని చూడడానికి అమెరికాలోని మిషిగన్ రాష్ట్రానికి వెళ్ళాను. భార్యతోను, ఐదేళ్ళ కూతురితోను అతడు డెట్రాయిట్ నగర సమీపంలో నివసిస్తున్నాడు. మోటారు పరిశ్రమకు ప్రసిద్ధి చెందిన ప్రాంతమది.

చేరిన మరునాడే అతడు నా ముందు ఒక సమస్యను ఉంచాడు.

"నాన్నా! కొన్నేళ్ళుగా దాచిన సొమ్ముతో కారు కొనాలనుకుంటున్నాను. పెట్రోలుతో నడిచే మస్టాంగ్ కొననా? విద్యుత్తుతో నడిచే స్పోర్ట్స్ కారు కొననా?"

కావ్యాలు చదువుకున్న నాకు కార్ల సంగతి ఏం తెలుసు? అయినా అడిగినవాడు కొడుకు కనుక శ్రద్ధగా విన్నాను.

1960వ దశకంలో అమెరికాలో 'మజిల్ కార్లు' అవతరించాయి. మధ్యతరహా కారులో ఎనిమిది సిలిండర్ల బలమైన ఇంజనును అమర్చడం వాటి ప్రత్యేకత. మస్టాంగ్ 1964లో విడుదలైంది. ఆ మాటకు అమెరికా పశ్చిమ మైదానాల్లో స్వేచ్ఛగా తిరిగే గుర్రమని అర్థం. దుకాణంలో ఆ కారు ఇంజను మేల్కొనగానే నాకు ప్రబంధాల్లోని యుద్ధాశ్వాలు గుర్తుకువచ్చాయి. అబ్బాయి కళ్ళు మెరిశాయి.

తరువాత విద్యుత్తు కారు ఎక్కాం. చప్పుడు లేదు, పొగ లేదు. విద్యుత్తు మోటారు కదిలిన క్షణం నుంచే తన పూర్తి బలాన్ని అందిస్తుంది. నా వీపు సీటుకు అతుక్కుపోయింది.

"దీని వేగం బాగుంది. కాని ఆ చప్పుడేది నాన్నా? చిన్నప్పుడు వీధి చివర మీ స్కూటరు చప్పుడు వినగానే గేటు దగ్గరికి పరుగెత్తుకొచ్చేవాణ్ణి, గుర్తుందా?" అన్నాడు. నాకు వెంటనే మాట పెగలలేదు.

ఆ ఆదివారం డియర్‌బోర్న్‌లోని హెన్రీ ఫోర్డ్ మ్యూజియానికి వెళ్ళాం. 1914 నాటి విద్యుత్తు కారొకటి ఆ మ్యూజియం సేకరణలో ఉన్నదని తెలిసి విస్తుపోయాను. పెట్రోలు కారును సామాన్యుని వాకిట నిలిపిన హెన్రీ ఫోర్డ్ భార్య క్లారా నడిపిన కారు అది! ఆనాటి పెట్రోలు కార్లను చేతితో తిప్పి కదిలించవలసి వచ్చేది. 1912లో కాడిలాక్ కార్లకు విద్యుత్ స్టార్టరు అమర్చడంతో ఆ శ్రమ తప్పింది. పెట్రోలు చౌకగా దొరికింది. క్రమంగా విద్యుత్తు కారు మరుగున పడింది. మేము కొత్తదనుకొన్నది లోకం ఒకప్పుడు విడిచిపెట్టినదే.

తిరుగుదారిలో నాకు తోచింది చెప్పాను.

"విద్యుత్తు కారు కూడా నిర్దోషి కాదు. దాని బ్యాటరీ కోసం భూమిని తవ్వాలి. బొగ్గుతో పుట్టిన విద్యుత్తయితే పొగ మరొకచోట వెలువడుతుంది. మీ చలికాలంలో అది వెళ్ళే దూరమూ తగ్గుతుంది. అయినా పెట్రోలులోని శక్తిలో అధికభాగం వేడిగా వృథా అవుతుంది. విద్యుత్తు మోటారులో ఆ నష్టం స్వల్పం. ఈ వీధిలో నీ కూతురు పీల్చే గాలిని కూడా లెక్కలో వేసుకో. ఇక చప్పుడంటావా, ఆనాడు నువ్వు పరుగెత్తుకొచ్చింది స్కూటరు కోసం కాదు కదా!"

అతడు నవ్వి ఊరుకున్నాడు. వారం తిరగకుండానే విద్యుత్తు కారు కొన్నాడు.

ఆ సాయంత్రం అతని రాక కోసం నేను అలవాటుగా చెవి ఒగ్గి కూర్చున్నాను. ఏమీ వినిపించలేదు. కిటికీ దగ్గర నిలబడిన మనుమరాలు మాత్రం "తాతయ్యా, నాన్న!" అంటూ తలుపు వైపు పరుగెత్తింది.

నేను చెవులతో ఎదురుచూశాను. ఆ పాప కళ్ళతో ఎదురుచూసింది.