‘వింటారు’ చెరిపిన చోట

మా మేనకోడలు ఖరగ్‌పూర్‌లో బీఎడ్ చదువుతోంది. చరిత్ర తన సబ్జెక్టు. “మావయ్యా, హిజ్లీలో పాఠం తయారు చేస్తున్నాం, చూద్దువు గాని రా” అంటే వెళ్లాను.

హిజ్లీ ఒకప్పటి నిర్బంధ శిబిరం. విచారణ లేకుండా బంధించిన విప్లవకారులు ఇక్కడుండేవారు. 1931 సెప్టెంబరు 16 రాత్రి పోలీసులు వాళ్ల మీద కాల్పులు జరిపారు. సంతోష్ కుమార్ మిత్రా, తారకేశ్వర్ సేన్‌గుప్తా చనిపోయారు. వాళ్ల భౌతికకాయాల కోసం సుభాష్ చంద్రబోస్ స్వయంగా వచ్చారు. కలకత్తా సభలో రవీంద్రనాథ్ టాగూర్ ఆ ఘోరాన్ని ఖండించారు. 1951లో ఈ శిబిరం భవనంలోనే దేశపు మొదటి ఐఐటీ మొదలైంది.

ఆ భవనం మెట్ల మీద కూర్చుని మా మేనకోడలు లెసన్ ప్లాన్ రాస్తోంది. ఎడమ గడిలో టీచరు చేసే పని, కుడి గడిలో పిల్లలు చేసే పని. కుడివైపు పై నుంచి కిందదాకా ఒకటే మాట: ‘వింటారు.’ కాసేపు దాన్నే చూసింది. రబ్బరు తీసి ఒక్కో గడీ చెరిపింది. కాగితం నలిగి, కాస్త చిరిగింది కూడా. ఆ చోట ‘అడుగుతారు’ అని రాసింది. ఏం అడుగుతారు? నేరం రుజువు కాకుండా మనిషిని బంధించవచ్చా? మన రాజ్యాంగం 22వ అధికరణం దీని గురించి ఏం చెబుతోంది?

పక్కనున్న అమ్మాయి నిట్టూర్చింది. “ఇవన్నీ పరీక్షలో రావు కదే. సిలబస్ ఎప్పుడవుతుంది?”

ఆ పిల్లను తప్పుపట్టలేను. తేదీలు అప్పజెప్పించుకునే బడిలోనే తనూ పెరిగింది. నా కోపమంతా ఆ అలవాటు మీదే. దానివల్ల సొంత ఊరి చరిత్రే పిల్లలకు చేరదు. 1927-28లో ఉద్యోగాలు పోయిన కార్మికుల కోసం బెంగాల్ నాగ్‌పూర్ రైల్వేలో సమ్మె జరిగింది. ఖరగ్‌పూర్ వర్క్‌షాప్ దానికి గుండెకాయ. ముందు నిలిచిన నాయకుడు వి.వి. గిరి, బరంపురంలో పుట్టిన తెలుగువాడు. ఆయనే 1969లో రాష్ట్రపతి అయ్యారు. శ్రీకాకుళం, విజయనగరం నుంచి వచ్చి ఇక్కడ రైల్వే పనిలో స్థిరపడిన కుటుంబాలెన్నో. ఖరగ్‌పూర్‌లోని మథురకాటిలో సాయంత్రం నేను పలకరించిన తెలుగు పిల్లల్లో ఒక్కరికీ ఆ సమ్మె సంగతి తెలియదు. తమ ముత్తాతలు గేటు బయట నిలబడి న్యాయం అడిగారని తెలిసిన పిల్లవాడు, రేపు వీధి కుళాయికి నీళ్లు రాకపోతే మునిసిపాలిటీకి అర్జీ పెట్టడానికి జంకడు. పౌరశాస్త్రం పుస్తకం ఒక్కటే ఆ ధైర్యం ఇవ్వలేదు.

బీఎడ్ పాఠాలు చెప్పే పెద్దలకు ఒక్క మనవి. ఇంటర్న్‌షిప్‌లో ఒక్క వారమైనా కాబోయే చరిత్ర టీచర్లను తరగతి గది దాటించండి. ఊళ్లో పాత కార్మికుల ఇళ్లకు పంపండి. ప్రశ్న అడగడం ముందు టీచరుకు రావాలి, పిల్లలు ఆ టీచరును చూసే నేర్చుకుంటారు.