గాడి, గుంట, మూపురం: కృష్ణానగర్ నుంచి కప్పగల్లు దాకా

హైదరాబాదులోని కృష్ణానగర్ నుంచి జూబ్లీహిల్స్ చెక్‌పోస్టు మీదుగా ఫిల్మ్‌నగర్ గుట్టలెక్కి, రాయదుర్గం వైపు దిగి, ఔటర్ రింగ్ రోడ్డు మీదుగా 44వ జాతీయ రహదారిని, జడ్చర్ల దగ్గర 167వ జాతీయ రహదారిని అందుకొని, మహబూబ్‌నగర్, మక్తల్, రాయచూరు, మంత్రాలయం, ఆదోని, ఆలూరుల గుండా బళ్ళారి చేరువలోని హగరి దాకా సాగే మార్గం దక్కను పీఠభూమిలో వానలు తక్కువైన, రాయి ఎక్కువైన నేలను ఈ చివర నుంచి ఆ చివరకు దాటుతుంది. సుమారు మూడున్నర వందల కిలోమీటర్ల ఈ దారి వెంట, రాతిగొడ్డలి నూరుకున్న కాలం నుంచి శాసనాలు చెక్కించుకున్న కాలం వరకు మనుషులు రాతిమీద వదిలిన గుర్తులు వరుసగా ఎదురవుతాయి గనుక, వాటిని విడివిడి వింతలుగా కాక ఒకే చరిత్రకు చెందిన పుటలుగా చదవడానికి ఇంతకంటే అనువైన దారి తెలుగునేలకు దగ్గరలో అరుదు.

ఆదిమ మానవుడు రాతిమీద చేసిన పనిని పురావస్తు శాస్త్రం రెండుగా విభజిస్తుంది. రంగుతో పూసినది శిలాచిత్రం. రాతిని నూరి, గీరి, దెబ్బకొట్టి, పై పొరను తొలగించి తీర్చినది రాతిచెక్కడం, అంటే పెట్రోగ్లిఫ్. ఎండిన ప్రాంతాల్లో శిలల ఉపరితలం వేల ఏళ్ళపాటు గాలికి, ఎండకు, కొద్దిపాటి తేమకు లోనై ఇనుము, మాంగనీసు ఆక్సైడులతో కూడిన పలుచని నల్లటి పొరను సంతరించుకుంటుంది. గట్టి రాతితో ఆ పొరమీద చుక్క పక్కన చుక్కగా పొడుచుకుంటూ పోతే అడుగున ఉన్న లేతరంగు రాయి బయటపడి బొమ్మ కనిపిస్తుంది. కాలం గడిచేకొద్దీ ఆ గాయం కూడా మెల్లగా నల్లబడుతుంది. అందువల్ల ఒకే బండమీద రెండు బొమ్మలున్నప్పుడు ముదురు రంగులోనిది పాతదని, లేత రంగులోనిది తర్వాతిదని స్థూలంగా అంచనా వేయవచ్చు గాని, రంగులోని సేంద్రియ పదార్థాన్ని పరీక్షించినట్లు చెక్కడం వయసును నేరుగా లెక్కగట్టడం కష్టం. చెక్కడం తన వయసును చాలావరకు తన చుట్టూ ఉన్న కొండ, పనిముట్టు, బూడిద, సమాధి వంటి పరిసరాల ద్వారానే చెబుతుందన్న సంగతి ఈ ప్రయాణం పొడవునా గుర్తుంచుకోదగినది.

దారి మొదలయ్యే చోట ఉన్న రాయి 250 కోట్ల ఏళ్ళనాటి గ్రానైటు. భూగర్భంలో గట్టిపడి, పైనున్న నేల కోసుకుపోగా బయటపడి, నెర్రెల వెంట నీరు చొరబడి మూలలు అరగగా గుండ్లుగా మారిన ఈ శిలలే బంజారాహిల్స్, జూబ్లీహిల్స్, ఫిల్మ్‌నగర్ గుట్టలకు రూపమిచ్చాయి. తెలుగు చలనచిత్ర పరిశ్రమ మద్రాసు నుంచి తరలివచ్చినప్పుడు, 1970ల మధ్యలో అన్నపూర్ణ స్టూడియోతో మొదలుపెట్టి, స్టూడియోలూ నివాసాలూ ఈ గుట్టలను తొలిచే వెలిశాయి. ఆ పరిశ్రమను భుజాన మోసే లైట్‌మెన్, జూనియర్ ఆర్టిస్టులు, సహాయ దర్శకులు గుట్టల పాదంలో కృష్ణానగర్ ఇరుకు సందుల్లో స్థిరపడ్డారు. నగరం ఇక్కడికి రావడానికి వేల ఏళ్ళ ముందే ఈ గుట్టలమీద మనుషులు పనిచేసుకున్నారనడానికి సాక్ష్యం జూబ్లీహిల్స్‌కు ఆనుకొని ఉన్న బీఎన్ఆర్ హిల్స్‌లో లభించింది. అక్కడి బండపై ఉన్న నునుపైన పొడవాటి గాడులను పురావస్తు పరిశోధకుడు ఈమని శివనాగిరెడ్డి పరిశీలించి, అవి కొత్త రాతియుగపు మనుషులు రాతిగొడ్డళ్ళను నూరుకోవడం వల్ల ఏర్పడినవని గుర్తించారు.

కొత్త రాతియుగం అంటే మనిషి రాతిని పగలగొట్టి వాడుకోవడంతో ఆగక, దానిని నూరి, నునుపుచేసి, అంచు తీర్చి వాడుకున్న కాలం. దక్షిణ దక్కనులో ఇది స్థూలంగా క్రీ.పూ. 3000 నుంచి క్రీ.పూ. 1200 వరకు సాగిందని పండితుల లెక్క. నూరుడు గాడిని బొమ్మ అనలేము, దానిని చేసినవాడు అందం కోసం చేయలేదు. అయినా ఒక మనిషి మోకాళ్ళమీద కూర్చుని, నీరూ ఇసుకా చల్లి, అదే చోట అదే వైపుగా చేయి ఆడిస్తూ గడిపిన పగళ్ళన్నీ ఆ గాడి లోతులో ఉన్నాయి గనుక, రాతిమీద మనిషి రాసిన చరిత్రకు అది తొలి అక్షరమనడం అతిశయోక్తి కాదు.

నగరం దాటి షాద్‌నగర్, జడ్చర్ల, మహబూబ్‌నగర్‌ల మీదుగా పాలమూరు మెట్టభూముల్లోకి ప్రవేశించాక దారి దేవరకద్ర, మరికల్, మక్తల్ గుండా నైరుతికి సాగుతుంది. తంగిడి వద్ద భీమానదిని కలుపుకొని తెలంగాణలోకి వచ్చే కృష్ణ ఒడ్డున, నారాయణపేట జిల్లా కృష్ణా మండలంలోని ముడుమాల గ్రామంలో రెండో మజిలీ ఉంది. ఇక్కడివి బృహత్ శిలాయుగపు నిలువురాళ్ళు. అంటే చనిపోయినవారి స్మృతికో, ఆచారానికో, కాలగణనకో నిలువుగా పాతిన పెద్ద రాళ్ళు. పన్నెండు నుంచి పధ్నాలుగు అడుగుల ఎత్తున్నవి సుమారు 80, వాటి చుట్టూ వరుసల్లో పేర్చిన చిన్న రాళ్ళు వందలాదిగా ఉన్న ఈ స్థలాన్ని హైదరాబాదు విశ్వవిద్యాలయ చరిత్ర ఆచార్యుడు కె.పి. రావు ఏళ్ళ తరబడి పరిశీలించి, కొన్ని వరుసలు ఆయనాంత దినాల్లో సూర్యోదయ, సూర్యాస్తమయ దిక్కులకు సరిపోతున్నాయని వివరించారు.

ముడుమాలలో రాతిచెక్కడం దృష్ట్యా అన్నిటికంటే విలువైనది ఒక పలక రాయి. దానిమీద గుండ్రటి చిన్న గుంటలు తొలిచి ఉన్నాయి. వాటి అమరిక సప్తర్షి మండలాన్ని పోలి ఉందని, వాటిలో పైనున్న రెండు గుంటలను కలిపే గీత ధ్రువనక్షత్రం దిక్కును చూపుతుందని పరిశోధకుల నిర్ణయం. గొడ్డలి నూరిన గాడి పని జరిగిన చోటును చెబితే, ఈ గుంటలు ఆలోచన జరిగిన చోటును చెబుతాయి: ఆకాశంలో చూసినదాన్ని నేలమీద గుర్తుగా నిలుపుకోవాలన్న కోరిక ఇక్కడ రాతిలోకి దిగింది. 2025 మార్చిలో యునెస్కో ప్రపంచ వారసత్వ తాత్కాలిక జాబితాలో ముడుమాలకు చోటు దక్కింది. అంతకుముందు ఈ రాళ్ళు పూర్తిగా చెదిరిపోకుండా నిలవడంలో స్థానికుల భక్తికి పెద్ద పాత్ర ఉంది. ఒక రాతిని ఎల్లమ్మగా కొలిచే ఊరు ఆ రాతిని పునాదికి తవ్వుకుపోదు.

అక్కడి నుంచి నిజాం కాలపు వంతెన మీదుగా కృష్ణను దాటితే రాయచూరు అంతర్వేది వస్తుంది. కృష్ణా తుంగభద్రల నడుమనున్న ఈ భూమి కోసం విజయనగర, బహమనీ రాజ్యాలు తరతరాలు పోరాడాయి. రాయచూరు కోటగోడలో 1294 నాటి శాసనాన్ని మోస్తున్న, 40 అడుగులు మించిన పొడవుగల ఒకే శిల ఉంది. కాకతీయుల సామంతులైన గోన వంశీయుల కాలపు ఆ కోటగోడమీద, ఆ మహాశిలను బండిమీద పశువులచేత లాగించి తెచ్చిన దృశ్యం కూడా చెక్కి ఉంది. దారికి పడమటగా ఉన్న మస్కిలో 1915లో బయటపడిన శిలాశాసనం ద్వారానే అశోకుడి పేరు ఆయన శాసనాల్లో తొలిసారి స్పష్టంగా లభించింది. అక్షరం వచ్చాక రాతిచెక్కడం రాజు మాటగా మారింది గాని, దానికి ఎంచుకున్న స్థలం మారలేదు. దక్కనులో అశోకుడి శాసనాలు పలుచోట్ల ఆదిమ నివాసాల చేరువలోని గుండ్లమీదనే వెలిశాయి.

మంత్రాలయం దగ్గర తుంగభద్రను దాటి ఎమ్మిగనూరు, ఆదోనిల వైపు సాగేకొద్దీ చెట్టు పలచబడి, నల్లరేగడి, ఎర్రనేల, గుండ్లగుట్టలు ఒకదాని వెంట ఒకటి వస్తాయి. కర్నూలు జిల్లాలోని కందనాతి, మేకలబెంచి వంటి చోట్ల ఇటీవలి దశాబ్దాల్లో రాతిచెక్కడాలు వెలుగులోకి వచ్చాయి. దక్షిణాన అనంతపురం జిల్లా ఉరవకొండ ప్రాంతంలోని వేల్పుమడుగు బొమ్మలు వీటికి చుట్టాలే. దేశంలో అతి తక్కువ వానలు పడే ప్రాంతాల్లో ఒకటైన అనంతపురంలో, కణేకల్లు, బొమ్మనహాళ్ మండలాల పొలాలమీదికి వేదవతి నది ఇసుకను గాలి ఎత్తిపోసి దిబ్బలు పెడుతోంది. తెలుగు రైతు ఎడారిని కళ్ళారా చూసే చోటు అదే. ఆ వేదవతే కిందికి వచ్చి హగరి అనే పేరుతో బళ్ళారి దారికి అడ్డంగా, ఏడాదిలో ఎక్కువ కాలం నీటికంటే ఇసుకే ఎక్కువగా కనిపిస్తూ పారుతుంది.

హగరి దాటాక బళ్ళారికి చేరువలో, సంగనకల్లు, కప్పగల్లు గ్రామాల నడుమనున్న కొండలు ఈ ప్రస్థానానికి గమ్యం. తెలుగూ కన్నడమూ ఇరుగుపొరుగుగా వినిపించే ఈ సీమలో హిరేగుడ్డ అనే పెద్దకొండ గ్రానైటుతో ఏర్పడింది. దాని గుండా డోలరైటు అనే నల్లటి శిల గోడలా చొచ్చుకొచ్చి శిఖరం మీద గుండ్ల వరుసగా బయటపడింది. డోలరైటు గట్టిది, చక్కని అంచు పట్టేది కావడం వల్ల కొత్త రాతియుగపు మనుషులు ఇక్కడ గొడ్డళ్ళ తయారీని పెద్దయెత్తున సాగించారు. 19వ శతాబ్దంలో భూగర్భ శాస్త్రజ్ఞుడు రాబర్ట్ బ్రూస్ ఫుట్ ఈ కర్మాగారాన్ని వర్ణించాడు, 1940లలో బెండపూడి సుబ్బారావు సంగనకల్లులో తవ్వకాలు జరిపి ఈ సంస్కృతుల క్రమాన్ని వివరించాడు. జూబ్లీహిల్స్ అంచున గాడిలో నూరిన పనిముట్టు ఏ తరహాదో ఇక్కడ పెచ్చుల కుప్పల మధ్య అర్థమవుతుంది.

అదే డోలరైటు గుండ్లమీద వందల సంఖ్యలో బొమ్మలున్నాయి. వాటిలో అత్యధికం పొడవాటి కొమ్ములు, ఎత్తైన మూపురం గల ఎద్దులు. వాటి పక్కన మనుషులు, అక్కడక్కడ చేతులు కలిపి వరుసగా నిలిచిన గుంపులు, జింకలు కనిపిస్తాయి. ఈ బొమ్మలను గీసిన సమాజం పశువులే సంపదగా బతికినదని కొండ దిగువనున్న బూడిదదిబ్బలు రుజువు చేస్తాయి. బూడిదదిబ్బ అంటే దొడ్లలో పేరుకున్న పేడను పదేపదే తగలబెట్టగా ఏర్పడిన గుట్ట. స్థానికులు కప్పగల్లు దిబ్బను భీముడు చంపిన రాక్షసుడి చితాభస్మంగా చెప్పుకోగా, 1957లో అప్పటి మహబూబ్‌నగర్ జిల్లాలోని ఉట్నూరులో ఎఫ్.ఆర్. ఆల్చిన్ జరిపిన తవ్వకంలో దుంగలతో కట్టిన దొడ్డి ఆనవాళ్ళు, గిట్టల ముద్రలు బయటపడి, ఆ బూడిద వెనుకనున్న పశుపాలకుల జీవితం స్పష్టమైంది.

కప్పగల్లు బొమ్మలను 1892లో ఫాసెట్ అనే పరిశోధకుడు లోకానికి పరిచయం చేశాడు. తర్వాత చాలాకాలం పట్టించుకున్నవారు తక్కువ. 2004లో నికోల్ బోయ్విన్ ‘ఆంటిక్విటీ’ పత్రికలో ప్రచురించిన పరిశోధన వీటిని మళ్ళీ చర్చలోకి తెచ్చింది. కొన్ని గుండ్లమీది గుంటల్లో గ్రానైటు ముక్కతో కొడితే గంట మోగినట్లు నాదం వస్తుందని, ఆ గుంటలు పదేపదే అలా కొట్టడం వల్ల ఏర్పడినవని, చెక్కడమూ మోగించడమూ ఒకే ఆచారంలో భాగమై ఉండవచ్చునని ఆమె ప్రతిపాదించింది. కొన్ని బొమ్మలు నిలబడి చేయి చాచినా అందని చోట ఉండటం ఆ పనిలో నైపుణ్యంతోపాటు సాహసమూ అవసరమైందని సూచిస్తుంది. నూరే గాడి, చుక్కల గుంట, మూపురపు ఎద్దు అనే మూడూ రాతికి రాతిని తాకించిన ఒకే చర్యలోనుంచి పుట్టాయన్న గ్రహింపు ఈ కొండమీద కలుగుతుంది.

ఇటువంటి స్థలాలను ప్రపంచం ఎలా చూసుకుంటోందో కూడా తెలుసుకోదగినది. నమీబియాలోని ట్వైఫెల్‌ఫాంటైన్ 2007లో, సౌదీ అరేబియాలోని హిమా 2021లో ప్రపంచ వారసత్వ స్థలాలయ్యాయి. అమెరికాలోని ఆల్బకర్కీ నగరపు అంచున 17 మైళ్ళ నల్లరాతి చరియ పొడవునా ఉన్న వేలాది బొమ్మలను 1990లో జాతీయ స్మారకంగా ప్రకటించి, కాలిబాటలు వేసి, సందర్శకులను ఆ బాటలమీదే నడిపిస్తున్నారు. నగరం పెరుగుతున్నా చరియను దాని చోటనే కాపాడాలన్నది అక్కడి నిర్ణయం. బొమ్మ ఉన్న రాతిని కోసి ప్రదర్శనశాలకు తరలించి, మిగిలిన కొండను అమ్మివేయడం కాదు.

తెలుగునేలలో, దాని సరిహద్దుల్లో లోపిస్తున్నది సరిగ్గా ఈ దృష్టి. కేంద్రం రక్షిత కట్టడంగా ప్రకటించిన స్థలం చుట్టూ వంద మీటర్ల మేర నిర్మాణాలు నిషిద్ధం. తెలంగాణకు 2017 నాటి వారసత్వ చట్టం ఉంది. అయితే చట్టం ప్రకటించిన స్థలాన్నే కాపాడుతుంది, ప్రకటనకు నోచుకోని గుట్ట కంకరగా, పునాదిగా, పలకలుగా మారిపోతూనే ఉంటుంది. కప్పగల్లు కొండలకు క్వారీల వల్ల జరిగిన నష్టం పరిశోధకులు నమోదు చేసినదే. హైదరాబాదులో శిలాసముదాయాల కోసం 1996 నుంచి సొసైటీ టు సేవ్ రాక్స్ పోరాడుతున్నా, ఎన్ని గాడులు ఎవరూ చూడకుండానే పొడి అయిపోయాయో లెక్క లేదు. చెక్కడం అర్థం దాని స్థలంలో ఉంది: ధ్రువుడి దిక్కు తప్పించిన గుంటలరాయి ఆకాశం గురించి ఏమీ చెప్పదు, గుండ్ల మధ్యనుంచి పెకలించిన ఎద్దు ఏ దొడ్డిని చూసిందో తెలియదు.

ఈ దారిన వెళ్ళదలచినవారికి కార్తికం నుంచి మాఘం దాకా అనువైన కాలం. ఎండ ఏటవాలుగా పడే ఉదయ, సాయంకాలాల్లో గీతలు స్పష్టంగా తేలుతాయి. బొమ్మ కనబడటానికి సుద్దతో దిద్దరాదు, నీళ్ళు చల్లరాదు, కాగితం పరచి రుద్దరాదు, మోగేరాళ్ళను కొట్టి చూడరాదు. ఫోటో తీసి, చోటు గుర్తుపెట్టి, పురావస్తు శాఖకు తెలియజేస్తే చాలు. ప్రభుత్వాలు గనుల అనుమతికి, లేఅవుటు అనుమతికి ముందు గుట్టను పురావస్తు నిపుణులచేత పరిశీలింపజేయడాన్ని తప్పనిసరి చేయాలి. బొమ్మను కాపాడాలంటే కొండను కాపాడాలి. అంతకు తక్కువైనది ఏదీ రక్షణ కాదు.